తలకాయల లెక్క

ఎంతటి మొనగాడైనా నెలకోసారి తల వంచక తప్పని చోటు ఒకటుంది. కలెక్టరుగారైనా, కాంట్రాక్టరుగారైనా ఆ కుర్చీలో కూర్చున్నాక "కొంచెం ఇటు" అంటే ఇటు, "అటు" అంటే అటు తిరగాల్సిందే. మెడ మీద కత్తి ఉండగా వాదించే ధైర్యం ఎవరికుంటుంది చెప్పండి! దాన్ని పుస్తకాల్లో క్షౌరశాల అన్నారు. బోర్డుల మీద హేర్ సెలూన్ అయింది, ఆ తరవాత మెన్స్ పార్లర్ అయింది, ఇప్పుడు హేర్ స్టూడియో దాకా వచ్చింది. మా ఊళ్లలో జనం నోట మాత్రం అది కటింగ్ షాపే.

మనిషి తల మీద వెంట్రుక నెలకి సుమారు అరంగుళం పెరుగుతుంది. ఈ అరంగుళమే ఆ వృత్తికి దేవుడు రాసిచ్చిన జీతం. కరువొచ్చినా, ఎన్నికలొచ్చినా అది పెరగడం మానదు. చీరల కొట్టువాడిలా "లోపలికి దయచెయ్యండి" అని వీధిలో నిలబడి బతిమాలక్కర్లేదు. తనే అద్దంలో చూసుకునో, ఇంట్లో ఆవిడ "ఏమిటా అవతారం" అన్నాకో మనిషి వచ్చి తీరతాడు. రావడం ఖాయమే. ఎవరి షాపుకి వస్తాడన్నదే తంటా. వీధికి మూడు షాపులున్న చోట ఆ అరంగుళాన్ని తన కుర్చీ దాకా నడిపించుకోవడం ఎలాగ? అందులోనూ జేబులో డబ్బు లేనివాడు?

నాది బ్యాంకు ఉద్యోగం కావడంతో ఈ ప్రశ్న నా తల మీదికే కాక నా బల్ల మీదికి కూడా వచ్చేది. 2015 ఏప్రిల్లో ముద్రా పథకం వచ్చింది. అందులో 'శిశు' అప్పని ఒకటుంది, 50,000 రూపాయల దాకా ఇస్తారు. ఉద్యోగం నన్ను భూపాలపల్లి, మహబూబాబాద్ తిప్పి చివరికి జనగామలో కూర్చోబెట్టింది. 2016 అక్టోబరు 11న, సరిగ్గా దసరా నాడు, ఈ మూడు ఊళ్లూ ఒక్కసారే జిల్లా కేంద్రాలయ్యాయి. జిల్లా అంటే కలెక్టరేటు, కలెక్టరేటంటే ఆఫీసులు, ఆఫీసులంటే గుమాస్తాలు, గుమాస్తాలంటే తలలు! కటింగ్ షాపు పెట్టుకుంటామని అప్పుకొచ్చే కుర్రాళ్లు ఎక్కువయ్యారు.

వాళ్లలో ఒకతను 2017లో వచ్చాడు. నాయీబ్రాహ్మణ కుటుంబం, జనగామ పక్క పల్లె. ఇంటర్ చదివి, హైదరాబాదులో నాలుగేళ్లు ఒక పెద్ద సెలూన్లో పనిచేసి, సొంతంగా రెండు కుర్చీల షాపు పెట్టుకుందామని తిరిగొచ్చాడు. కాగితం మీద ఖర్చంతా ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకొచ్చాడు. రెండు కుర్చీలు (సెకండ్ హ్యాండు), అద్దాలు, ట్రిమ్మర్లు, ఇన్వర్టరు, షాపు అడ్వాన్సు. అన్నిటికంటే కింద: "పబ్లిసిటీ - 3,000."

"ఈ మూడు వేలతో ఏం చేస్తావయ్యా?" అని అడిగాను.

"గదే సార్, మిమ్ముల అడుగుదామనుకున్న" అన్నాడు.

మూడు వేల రూపాయలకి మన దేశంలో దొరికే ప్రచార సాధనాలేమిటా అని ఇద్దరం ఆలోచించాం. మొదటిది ఫ్లెక్సీ. జనగామ చౌరస్తాలో ఫ్లెక్సీ కట్టడమంటే జాతరలో ఈల వెయ్యడం లాంటిది. పుట్టినరోజు నాయకులు, వాళ్ల కింద తపాలా బిళ్లలంత అనుచరులు, పక్కన కాలేజీలు, ఆ పక్కన పంటి డాక్టరు... ఆ మొహాల మధ్య మనవాడి కత్తెర బొమ్మ ఎవరి కంట పడాలి? ఒక్క గాలివాన వస్తే అది ఏ గుడిసె మీదో కప్పుగా మారిపోతుంది. అదొక్కటే దానివల్ల లోకానికి ఉపకారం. రెండోది పేపర్లో పెట్టి పంచే కరపత్రం. అది పేపరుకంటే ముందు కింద పడుతుంది. మూడోది ఆటోకి మైకు. కటింగ్ చేయించుకోమని మైకులో అరిస్తే పరిగెత్తుకొచ్చే మనిషిని నేనింతవరకూ చూళ్లేదు.

ఇంతలో మా ఫీల్డాఫీసరు కలగజేసుకున్నాడు. మెయిన్ రోడ్డు మీద హైదరాబాదు నుంచి ఏసీ సెలూను ఒకటి దిగిందట, మొదటివారం వచ్చినవాళ్లకి కటింగ్ ఉచితమట. "నువ్వూ అదే చెయ్యి. వారం రోజులు ఫ్రీ పెట్టు. ఊరంతా నీ షాపు ముందే ఉంటుంది" అన్నాడు.

కుర్రవాడు తల అడ్డంగా ఊపాడు. "ఏదన్న చెప్పుండ్రి సార్, చేస్త. ఫ్రీ మాత్రం పెట్ట. మా తాత చిన్నప్పటి సంది గడీల ఫ్రీగనే జేసిండు."

ఫీల్డాఫీసరు పరాయి జిల్లావాడు, అతనికి అర్థం కాలేదు. జనగామ ప్రాంతం వాళ్లకి ఆ మాట విప్పి చెప్పక్కర్లేదు. నిజాం కాలంలో ఇవన్నీ దొరల ఊళ్లు. వెట్టి అన్నది ఏ ఒక్క కులానికో కాదు, పని తెలిసిన ప్రతి చేతికీ ఉండేది. క్షురక వృత్తివాళ్లు దొర గడీలో క్షవరాలు చెయ్యాలి, ఒళ్లు పట్టాలి, రాత్రిళ్లు కాళ్లు ఒత్తాలి. కూలి అడిగే హక్కు లేదు. విసునూరు దేశ్‌ముఖ్ ఏలుబడి చేసినది ఈ నేల మీదే. 1946 జూలై 4న దొడ్డి కొమరయ్య తూటా దెబ్బకి ఒరిగిన కడవెండి, తన పంట గింజ దొరకి దక్కనివ్వనని చాకలి ఐలమ్మ నిలబడ్డ పాలకుర్తి, రెండూ ఈ జిల్లాలోవే. ఆ ఇంటి మనవడికి 'ఉచితం' అన్న మాట ఆఫరుగా వినిపించదు, హుకుంలా వినిపిస్తుంది. మా ఫీల్డాఫీసరుకి మధ్యాహ్నం టీ దగ్గర ఇదంతా చెప్పాను. పాపం, ఆ కుర్రవాడి అప్పు కాగితాలు ఆ సాయంత్రమే కదిలించాడు.

వెట్టి పోయాక కూడా పల్లెల్లో ప్రచారం అవసరం రాలేదు. ఫలానా ఇళ్లు ఫలానా వాళ్లవని తరతరాలుగా పంచుకున్నవే. ఏడాదంతా ఇంటింటికీ తిరిగి పని చెయ్యడం, పంట చేతికొచ్చాక కల్లం దగ్గర మేర గింజలు తీసుకోవడం. పెళ్లికి ఆ ఇంటివాళ్లే పెళ్లికొడుక్కి గోళ్లు తియ్యాలి, వాళ్లే సన్నాయి ఊదాలి, డోలు వాయించాలి. చావుకీ వాళ్లే కావాలి. ఆడవాళ్లు మంత్రసానులు. ఊళ్లో ఎవరి పెళ్లి ఎప్పుడో పురోహితుడి తరవాత తెలిసేది వాళ్లకే. ఇంత పలుకుబడి ఉన్నవాడికి బోర్డెందుకు? కానీ ధర చెప్పే నోరు ఆ ఏర్పాటులోనూ లేదు. గింజలు ఎన్ని కొలిస్తే అన్ని. ఆ కుర్రవాడి తండ్రి అలా కొలిపించుకున్న ఆఖరివాడు. కొడుక్కి ఎవరి ఇల్లూ రాసిపెట్టి లేదు. ఎవరైనా రావచ్చు, ఎవరూ రాకపోవచ్చు. అందుకే ఆ మూడు వేలు.

నేను బ్యాంకువాణ్ణి కనక పెన్ను తీశాను. కటింగుకి 70 రూపాయలనుకున్నాడు. నెలకోసారి వచ్చే తలలు 300 ఉంటే, మంగళవారాలు తీసేసి, రోజుకి పదకొండో పన్నెండో కటింగులు. నెలకి 21,000. గడ్డాలు దీనికి అదనం. అద్దె, సాయానికో కుర్రవాడు, మా కిస్తీ పోను ఇల్లు గడుస్తుంది. అంటే ఊరంతా అక్కర్లేదు, మూడు వందల తలకాయలు చాలు! ఒక్క తల జారిపోతే సంవత్సరానికి 840 రూపాయలు పోయినట్టు. కొత్త తలని పిలవడానికి పెట్టే ఖర్చుకంటే ఉన్న తల జారకుండా పెట్టే ఖర్చే చవక. కుర్రవాడు నా లెక్క చూసి ఒక సవరణ చెప్పాడు. "పోరగాండ్లు ఇప్పుడు ఫేడ్ కొట్టిచ్చుకుంటున్నరు సార్. పక్కలకు సన్నగ తీస్తం. గది ఇరవై రోజులకే ఖరాబైతది. వాళ్లు నెల ఆగరు." వృత్తి రహస్యమంటే ఇదీ! 1970ల్లో హిప్పీ జుట్టు వచ్చి ఈ వృత్తి పొట్ట కొట్టింది, మెడ దాకా పెంచుకుని ఆరేసి నెలలు మొహం చూపించేవారు కాదు. ఇప్పటి ఫ్యాషను ఆ బాకీ వడ్డీతో సహా తీరుస్తోంది.

అంతకుముందు ఇంకో పెద్ద దెబ్బ బయటి దేశం నుంచి వచ్చింది. అమెరికాలో కింగ్ జిల్లెట్ అనే ఆయన 1904లో పేటెంటు తీసుకున్న పారేసే బ్లేడు రేజరు. గడ్డం ఎవరిది వాళ్లే గీసుకోవడం మొదలయ్యాక రోజూ వచ్చే మనిషి నెలకోసారి వచ్చే మనిషయ్యాడు. చిత్రమేమిటంటే చివరికి ఆ బ్లేడే కటింగ్ షాపుకి ఆసరా అయింది. 1990లలో ఎయిడ్స్ గురించి గోడల మీద రాతలు వచ్చాక, కాగితం చుట్టిన కొత్త బ్లేడుని మన కళ్ల ముందే విప్పి, రెండుగా విరిచి, సగం కత్తిలో బిగించడం మొదలుపెట్టారు. ఆ 'టక్' మన్న చప్పుడంత నమ్మకమైన ప్రకటన ఏ పత్రికలోనూ రాలేదు.

కుర్రవాడికి నేను చూసిన రెండు ఊళ్ల సంగతి కూడా చెప్పాను. ఈ వ్యాపారానికి పంచాంగం ఒక శత్రువు. మంగళవారం ఎలాగూ సెలవు. శనివారం కొందరికి పనికిరాదు, అమావాస్య చాలామందికి పనికిరాదు. భార్య కడుపుతో ఉంటే మొగుడు జుట్టు ముట్టడు. కార్తీకం వస్తే అయ్యప్ప స్వాములు నలభై ఒక్క రోజులు గడ్డాలు పెంచుతారు. రెండేళ్లకోసారి మేడారం జాతరకి పోయి తలనీలాలిచ్చి వచ్చినవాళ్లు ఆ తరవాత రెండు నెలలు కనపడరు. అమ్మవారితో పోటీ పడగలమా? మిగిలిన రోజుల్లో జనానికి ఎప్పుడు తీరికో కనిపెట్టాలి, అది ఊరూరికీ వేరు.

భూపాలపల్లి బొగ్గు ఊరు. అక్కడ పొద్దు సూర్యుడితో పొడవదు, సింగరేణి షిఫ్టుతో పొడుస్తుంది. కె.టి.కె. గనుల్లో మూడు షిఫ్టులు. నాకు అక్కడ కటింగ్ చేసిన పెద్దాయనకి ఏ మనిషి ఈ వారం ఏ షిఫ్టో నోటికి వచ్చు. రాత్రి షిఫ్టు దిగినవాళ్లకోసం తెల్లవారే తలుపు తీసేవాడు, నిద్రకి తూగుతున్న మనిషిని అరగంట కూర్చోబెట్టేవాడు కాదు. ఆదివారం మాత్రం ఇసుక వేస్తే రాలనంత జనం. దసరాకి కార్మికులకి లాభాల వాటా వస్తుంది కదా, ఆ పది రోజులూ షాపులో పండగే. "దసరాకు అందరొస్తరు సార్. దసరా ఎన్కనొచ్చేటోడే మనోడు" అనేవాడాయన. ఆయన షాపుకి బోర్డు లేదు. పెయింటు ఎప్పుడో రాలిపోయింది.

మహబూబాబాద్‌ని జనం మానుకోట అనే అంటారు. అది మిరప ఊరు. సంక్రాంతి దాటి మార్కెట్టుకి మిర్చి వచ్చేదాకా చేతిలో డబ్బాడదు. అప్పటిదాకా షాపులో ఖాతా పుస్తకం నడవాలి, దాన్ని గోడకి తగిలించకుండా సొరుగులో పెట్టుకునే మర్యాద కూడా ఉండాలి. చుట్టూ తండాలు. ఒక్క బండి మీద ముగ్గురు కుర్రాళ్లు దిగుతారు, ఒకడు చేయించుకుంటాడు, ఇద్దరు చూస్తారు. ఆ చూసే ఇద్దరే అసలు బేరం. చేయించుకున్నవాడి తల తండాకి పోయిన మర్నాడు ఇంకో రెండు బళ్లు వస్తాయి. అక్కడి షాపతను లంబాడీ మాటలు పది నేర్చుకున్నాడు. ఆ పదికీ ఖర్చు సున్న.

జనగామ గడియారం రైలు స్టేషన్లో ఉంది. పొద్దున్నే సికింద్రాబాదు వైపు, కాజీపేట వైపు పోయే ఉద్యోగాల జనం చీకటి పడ్డాక దిగుతారు. ఎనిమిదింటికి షట్టరు దించినవాడికి వాళ్ల తలలు దక్కవు. పగలేమో మార్కెట్ యార్డుకి వడ్లు, పత్తి తెచ్చిన రైతులు కాంటా ఎప్పుడవుతుందా అని పూటల తరబడి కూర్చుంటారు. కుర్రవాడు ఇది విని, మెయిన్ రోడ్డు మీద చూసిన గది వదులుకుని, యార్డుకీ స్టేషనుకీ నడుమ సందులో చవక గది తీసుకున్నాడు. అద్దెలో మిగిలిందే అతని అసలు ప్రచార నిధి.

ఇక ఆ మూడు వేలు. డజను తెల్ల తువ్వాళ్లు కొన్నాడు. తెలుపే ఎందుకంటే మురికి దాగదు, దాగదని వచ్చినవాడికీ తెలుసు. ఒక మంచి ట్యూబులైటు. ఈ పత్రికలాంటి వారపత్రిక ఒకటి, దినపత్రిక ఒకటి (కుర్రాళ్లు ఫోన్లు చూసుకుంటారు గానీ, పెద్దవాళ్లు చిరిగిన పత్రిక కోసమైనా నిరీక్షిస్తారు, ఇది నా సొంత అనుభవం). ఒక నోటుబుక్కు, అందులో వచ్చినవాడి పేరు, నంబరు, తారీఖు, ఏం నంబరు మిషను పెట్టించుకున్నాడో. మిగిలింది పెయింటరుకి. గూగుల్ పటంలో పేరు ఎక్కించుకోడానికి పైసా కట్టక్కర్లేదు. ఊరివాళ్లు పటం చూడరు గానీ, బదిలీ మీద కొత్తగా దిగిన ఆఫీసర్లకి అదే దిక్కు. కటింగ్ అయ్యాక అడిగి వెనకనుంచి ఫోటో తీసి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టేవాడు. మొహం కనపడదు కనక ఎవరూ కాదనరు, స్నేహితులు మాత్రం మెడ చూసి గుర్తుపట్టేస్తారు!

పెయింటరు చేత ఏం రాయించాడో అది చూడాల్సిన ముచ్చట. బోర్డు మీద పేరు చిన్నది. లోపల, అద్దం పక్కన, గుమ్మంలోంచే కనపడేలా ధరల పట్టిక పెద్దది. కటింగ్ 70, గడ్డం ఇంత, పిల్లలకి ఇంత. జిగేలుమనే సెలూన్ గుమ్మం ముందు మామూలు మనిషి ఆగిపోయేది ఏసీకి జడిసి కాదు. లోపలికి పోయి లేచాక ఎంతంటారోనని. యార్డులోంచి వచ్చిన రైతు ఆ పట్టిక చదువుకుని చెప్పులు విడిచి లోపలికి రావడం నేనే చూశాను. చెప్పులు విడవక్కర్లేదని చెప్పడం అతనికి రోజూ ఒక పని.

2020 మార్చి 25న లాక్‌డౌన్ వచ్చి అందరితోపాటు అతనూ షట్టరు దించాడు. ఆ రోజుల్లో ఇళ్లల్లో భార్యలు, అక్కచెల్లెళ్లు కత్తెర పట్టారు. ఆ తలలు చూసినవాళ్లెవరూ ఈ వృత్తిని ఇక చులకన చెయ్యరు. అంతకు మించిన ప్రచారం కోటి రూపాయలిచ్చినా దొరకదు. మళ్లీ తెరవనిచ్చాక నోటుబుక్కు బయటికి తీశాడు. ఒక్కొక్కరికే ఫోన్ చేసి, "మీ తువ్వాల మీరే తెచ్చుకోండ్రి, పదింటికి మీరొక్కరే ఉంటరు" అని వేళ ఇచ్చాడు. మూడు కిస్తీలు ఆలస్యంగా కట్టాడు గానీ ఎగ్గొట్టలేదు. 2021 ఏప్రిల్ 1 నుంచి సెలూన్లకి, లాండ్రీలకి ప్రభుత్వం నెలకి 250 యూనిట్ల కరెంటు ఉచితం చేసింది. "ఈ ఫ్రీ తీసుకుంటావా మరి?" అని వేళాకోళం చేశాను. "ఇది సర్కారు ఇచ్చేది కద సార్, నేనిచ్చేది కాదు" అన్నాడు తడుముకోకుండా.

ఆఖరి కిస్తీ కట్టడానికి వచ్చిన రోజున చెప్పాడు. "రేటు పది రూపాయలు పెంచిన సార్, నాలుగేండ్లకు. పట్టిక మీద ఏడు కొట్టేసి ఎనిమిది రాసినందుకు పెయింటరు ఇరవై తీసుకున్నడు."

"ఎవరూ ఏమనలేదా?"

"ఒక పెద్దమనిషి గొణుక్కుంట పోయిండు. గింత సందుల షాపుకు ఎనభయ్యా అన్నడు."

"మళ్లీ రాలేదా?"

"నెల తిరగంగనే వచ్చి, ఏమనకుంట కుర్చీల కూసున్నడు" అన్నాడు రసీదు మడిచి జేబులో పెట్టుకుంటూ.